దానియేలు బాబాయి చూసిన కారు

ఇవాళ చిన్నదానికి టీకా వేయించడానికి రేపల్లెలో టాక్సీ ఎక్కాను. ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే కాగిన రెగ్జిన్ వాసన ముఖానికి కొట్టింది. దానియేలు బాబాయి గుర్తొచ్చారు.

తెనాలిలో మా పుట్టింటి పక్కిల్లు ఆయనది. నందివెలుగు రోడ్డులో చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. పాత కారు కొనాలనుకున్నవాళ్లు ముందు ఆయన్ని వెంటబెట్టుకెళ్లి చూపించేవారు. ఆదివారం చర్చికి తప్ప చొక్కా మార్చరని పిన్ని దెప్పేది. కాలేజీ రోజుల్లో పరీక్షలంటే నేను వణికిపోతుంటే నవ్వని మనిషి ఆయనొక్కరే.

మా పెద్దవాడు ఎనిమిది నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు మా ఆయనకు ఒక విదేశీ స్పోర్ట్స్ కారు మీద మనసు పడింది. బాపట్లలో రొయ్యల చెరువులు దెబ్బతిన్న ఒకాయన అమ్మకానికి పెట్టారు. ఎర్రగా, నేలకు ఆనుకున్నట్టుండే రెండు తలుపుల బండి. ఇరుకైన వెనక సీటులో బిడ్డతో నేను కూర్చోవాలి. నాకు భయమేసింది. నాకన్నిటికీ భయమేనని ఇంట్లో కొట్టిపారేశారు. బాబాయి మాత్రం వస్తానన్నారు, ఒక్క షరతు మీద. చెప్పకుండా పొద్దున్నే వెళ్లాలి; చల్లటి ఇంజను తిప్పితేనే దాని రోగం బయటపడుతుంది. చెప్పకుండా ఒకరింటి మీద పడటం మర్యాద కాదనిపించి, ముందురోజే నేను ఫోన్ చేసి చెప్పేశాను.

బాబాయి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, నావైపు చూశారు.

"వెచ్చగా ఉందేంటండి?"

"మీరొస్తున్నారని ఓసారి తిప్పి ఉంచానండి," అన్నారు కారాయన.

"అయితే చల్లారనీండి. మాకేం తొందర లేదు."

టిఫిన్ పెట్టారు. మధ్యాహ్నం భోజనం కూడా పెట్టారు. వాళ్ల అన్నం తిని వాళ్ల బండిని అనుమానించడం మా ఆయనకు తలకొట్టేసినట్టుంది. బాబాయి మాత్రం మజ్జిగ మళ్లీ అడిగి పోయించుకున్నారు.

రెండింటికి తాళం తిప్పితే ఇంజను ఒక్కసారికే అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు. బాగుందని బాబాయే ఒప్పుకున్నారు. మా ఆయన ముఖం విప్పారింది. అప్పుడు బాబాయి లోపలికి వంగి, వెనక సీటు ముందున్న మ్యాట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో నొక్కారు. తడిసిన అట్టలోకి దిగినట్టు దిగిపోయింది. చిల్లులోంచి కింద నేల కనిపించింది. ప్రతి ఆదివారం వాళ్లు సూర్యలంక బీచికి వెళ్లి, ఇసుకలో నీళ్ల అంచుదాకా తోలేవారట. ఉప్పు కింద నుంచి తినేసింది.

కారాయనకు నిజంగానే తెలియదు. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య మెల్లగా అంది: "మా పిల్లలిద్దర్నీ అక్కడే కూర్చోబెట్టేదాన్నండి."

బాబాయి స్క్రూడ్రైవర్ తుడిచి జేబులో పెట్టుకున్నారు.

తిరుగు బస్సులో మా ఆయన వేరే సీటులో కూర్చున్నారు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ముందురోజు వాళ్లకు ఫోన్ చేసి చెప్పడం నా తప్పేనని బాబాయితో అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

"భయమేస్తే వంగి చూడమ్మాయ్. చూశాక ఇంకేం భయం ఉండదు."

బాబాయి పోయి రెండేళ్లయింది. నేను వంగి చూస్తూనే ఉన్నాను: పాలడబ్బా మీద తేదీ, మంచం కింద, నిద్రలో పిల్లల ఊపిరి. చాలాసార్లు అంతా బాగానే ఉంటుంది. భయం మాత్రం పోదు. ఆయన చెప్పినదాంట్లో సగమే నాకు పనికొచ్చింది. ఆ సగంతోనే పిల్లల్ని పెంచుతున్నాను.