ఎక్స్‌రేమ్మ కుదురుగా కూర్చోలేని వారం

మా అమ్మమ్మ చూసినన్ని గుండెలు ఈ లోకంలో ఇంకెవరూ చూడలేదు. దేవుణ్ణి కూడా కలుపుకునే చెబుతున్నాను. ఆయన చేసేటప్పుడు ఒకసారి చూసి వదిలేసి ఉంటాడు. మా అమ్మమ్మ మనిషిని నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, "గాలి పీల్చు, ఆపు, కదలకు" అని ఊపిరి బిగబట్టించి మరీ చూసింది. ముప్పై నాలుగేళ్లు పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో ఇదే పని. వీధిలో అందరూ ఆవిణ్ణి ఎక్స్‌రేమ్మ అంటారు. కూరగాయలవాడు కూడా ఆవిడ ఎదుట నిలబడితే తనకు తెలియకుండానే భుజాలు వెనక్కి విరుస్తాడు.

అందర్నీ కదలొద్దన్న మనిషి తాను మాత్రం ఒకచోట కూర్చోదు. అన్నం తింటూ మధ్యలో లేచి గ్యాస్ కట్టేసిందో లేదో చూసి వస్తుంది. చర్చిలో తలుపు పక్క కుర్చీయే కావాలి. ప్రార్థన కూడా నడుస్తూనే. పొద్దున్నే వంటింటికీ వరండాకీ మధ్య తిరుగుతూ వీధి మొత్తాన్నీ దేవుడికి అప్పజెబుతుంది. ఎదురింటి కోడలి కాన్పు, పక్కింటాయన మోకాలు, పదో తరగతి రెండుసార్లు తప్పిన నా బుర్ర, ఏదీ వదలదు. తన వంతు వచ్చేసరికి మాత్రం "ఇక నా సంగతి నీకు తెలుసు, ఆమెన్" అని గబగబా ముగించేస్తుంది, చుట్టం గడప ఎక్కకముందే తలుపు వేసేసినట్టు.

"నా లెక్కల మార్కులు కూడా చెప్పావు కదా అమ్మమ్మా, నీ గురించి ఒక్క ముక్కయినా చెప్పవా?" అని ఒకసారి అడిగాను.

"నోర్మూసుకుని పాలు పొంగుతున్నాయేమో చూడవే" అంది.

పోయిన నెలలో ఒక మంగళవారం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. "ఈ ఆదివారం చర్చిలో మీరే సాక్ష్యం చెప్పాలమ్మా, దేవుడు మిమ్మల్ని ఎలా నడిపించాడో. అన్నేళ్లు అంత నమ్మకంగా పనిచేశారు. పిల్లలు వినాలి" అన్నారు. ఆయన వెళ్లగానే అమ్మమ్మ తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. బుధవారం బీరువా సర్దింది. గురువారం ఆ సర్దిందంతా కిందికి దించి మళ్లీ సర్దింది. శుక్రవారానికల్లా ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

శనివారం మధ్యాహ్నం, "చెప్పులేసుకో, పటాల కొట్టుకి వెళ్లాలి" అంది.

నేను నోరెళ్లబెట్టాను. చర్చి వెనక ఫొటోలకి ఫ్రేములు కట్టే తాత కొట్టు అది. దాన్ని తప్పించుకోవడానికే అమ్మమ్మ ప్రతి ఆదివారం రెండు వీధులు చుట్టు తిరిగి చర్చికి వెళ్తుంది. ఎందుకని అడిగితే, ఆ దారిలో ఎండ ఎక్కువ అంటుంది. వానాకాలంలో కూడా అదే మాట. చర్చిలో కూడా ఆ తాత ఎదురుపడకముందే, చివరి ఆమెన్ అవగానే తలుపు దాటేస్తుంది.

దారిలో నా మొహం చూడకుండా చెప్పింది. అప్పట్లో ఎక్స్‌రే తీసే ముందు, ఫిల్ము ఉన్న పెట్టె మీద సీసపు అంకెలు అంటించేవారట. ఎవరి అంకె వాళ్ల ఫిల్ము మీద పడుతుంది. ఒకరోజు జనం ఎక్కువై, అమ్మమ్మ ఇద్దరి అంకెలు తారుమారు చేసింది. ఊపిరితిత్తుల జబ్బున్న తాపీమేస్త్రీని ఏమీ లేదని ఇంటికి పంపేశారు. ఏ జబ్బూ లేని బడిపంతులుని నెలన్నర వార్డులో పడుకోబెట్టారు. మేస్త్రీ రక్తం కక్కుకుంటూ తిరిగొచ్చాక సంగతి బయటపడింది. ఇద్దరూ బతికారు. కానీ ఎక్స్‌రే గది గడప ఎన్నడూ తొక్కని పెద్ద డాక్టరు, ఫిల్ములు కడిగే చీకటి గదిలోనే అవి కలిసిపోయాయని తేల్చేసి, అక్కడి అటెండరుని పనిలోంచి తీసేశాడు. ఆ అటెండరే ఇప్పటి పటాల తాత. అమ్మమ్మ అప్పుడు నోరు తెరవలేదు. ఎవరికైనా జరిగే పొరపాటే, భయంలో మాట పెగల్లేదంతే.

మేం వెళ్లేసరికి తాత గాజు పలక కోస్తున్నాడు. తలెత్తి, "రా అక్కా, కూర్చో" అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్లిన మనిషితో అన్నట్టు.

అమ్మమ్మ కూర్చోలేదు. "ఆ అంకెలు మార్చింది నేను తమ్ముడూ."

"తెలుసు." గీత చివరిదాకా గీసి, పలకని టక్కున విరిచాడు. "సీసపు అంకె చీకటి గదిలో ఎలా మారుతుంది అక్కా? ఫిల్ము నా చేతికొచ్చేసరికే అది దాని మీద అచ్చుపడి ఉంటుంది కదా."

"అంటే ఆ రోజే తెలుసా?"

"ఆ రోజే."

"నా పేరు చెప్పలేదేం మరి?"

"నువ్వే చెబుతావనుకున్నా. వారం రోజులు ఎదురు చూశా. తర్వాత కోపం వచ్చింది. రెండేళ్లు నీ మొహం చూడబుద్ధి కాలేదు."

"ఆ తర్వాత?"

"చర్చిలో ప్రతి పాటా నువ్వు అందనంత పైనుంచి ఎత్తుకుంటావు, మిగతావాళ్లు నీ వెనక దేకుతూ వస్తారు. ఓ ఆదివారం నాకు నవ్వాగలేదు. నవ్వాక, కోపం మళ్లీ తెచ్చుకుందామన్నా రాలేదు. అప్పట్నుంచీ ప్రార్థనలో నీ పేరు కూడా చెబుతున్నా."

అమ్మమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "అన్నీ తెలిసే, ఇన్నేళ్లు నన్ను ఎండలో తిప్పావా?"

"నేనెక్కడ తిప్పాను? పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఇక్కడే కదా ఉంటాను."

తిరిగొచ్చేటప్పుడు అమ్మమ్మ నడకని నేను అందుకోలేకపోయాను. "క్షమించేశాడుగా, ఇంకా ఎందుకా పరుగు?" అన్నాను.

"నీకేం తెలుసే. వాడికి తెలుసు. దేవుడికి వాడికంటే ముందు తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ రోజూ పొద్దున్నే లేపి నడిపించాడు. నీలాంటి దాన్ని కూడా ఇచ్చాడు. ఒక్కసారి గట్టిగా తిట్టి ఉంటే తీరిపోయేది. ఇంత తెలిసి కూడా వదలనివాడి దగ్గర ఎక్కడని దాక్కోను?"

ఆదివారం మైకు ముందు నిలబడి, "నమ్మకంగా పనిచేశానని పాస్టరుగారు అన్నారు. చేయలేదు" అని మొదలుపెట్టింది. అంకెల సంగతి, అటెండరు సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పేసింది. "ఇదంతా దేవుడికి మొదట్నుంచీ తెలుసు. అయినా నన్ను ప్రేమించడం మానలేదు. ఎందుకో నాకు తెలియదు" అని వచ్చి కూర్చుంది. ముందు వరుసలో ఉన్న, అదే ఆసుపత్రిలో రిటైరైన నర్సమ్మ మొహం తిప్పుకుంది, ఇప్పటికీ అమ్మమ్మతో మాట్లాడదు. పటాల తాత తల వంచుకుని వేలికి అంటిన జిగురు గోక్కుంటూ ఉండిపోయాడు.

ఇదంతా చర్చి పత్రిక కోసం రాసి అమ్మమ్మకి చదివి వినిపించాను. మధ్యలో మూడుసార్లు లేచి వెళ్లింది. చివరికి గుమ్మంలో నిలబడి అంది:

"ఎవరికైనా జరిగే పొరపాటని రాశావేంటే? అంకెలు మారిపోవడం పొరపాటు. నోరు మూసుకున్నది నేను తెలిసి, కావాలని. అది పాపం. దిద్దాకే ఇవ్వు."