రెండో చేట

మా బావ పోయాడన్న కబురు కోవిల్‌పట్టిలో నాకంటే ముందు నలుగురికి తెలిసింది. విరుదునగరం నుంచి పొద్దుటి రైల్లో వచ్చిన మనిషి నేరుగా బావమరిదినైన నా ఇంటికి రావాలి కదా. రాలేదు. అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసే మా సేవ జట్టువాడి ఇంటికి పోయాడు. వాళ్ళంతా ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, ఆ తరవాత నా వాకిట్లోకి వచ్చారు. అక్క మొగుడు పోయాడని విన్నప్పుడు నా మనసులో లేచిన మొదటి మాట ఏమిటో చెప్పనా? చావు కబురులో కూడా నన్ను వెనక్కి నెట్టాడే అని. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా జట్టువాళ్ళు అడిగారు. పదేళ్ళు ఆయన్ని చూసి ఓర్వలేకపోయిన మనిషిని నేను. ఒకటి మాత్రం ఉంది, ఓర్వలేనివాడు చూసినంత నిదానంగా అభిమానించినవాడు కూడా చూడడు.

జట్టు నాది. కయత్తారు వైపు పల్లెల్లో వాంతిభేది ఇంటింటా దిగిన ఏడు, ఇరవయ్యేళ్ళు నిండీ నిండని పన్నెండు మందిని పోగుచేసింది నేను. నీళ్ళు కాచి ఇవ్వడం, గంజి తాగించడం, గుడ్డలు ఉడకబెట్టడం, దిక్కులేని ఇళ్ళలో రోగిని కడిగి పడుకోబెట్టడం మా పని. ఎవరు ఏ వీధికి పోవాలో నేనే చెప్పేవాణ్ణి. బావది విరుదునగరం. అక్కను చేసుకున్నాక మా ఊళ్ళో ఒక వ్యాపారి దగ్గర పత్తి రకం చూసి చెప్పే పనికి వచ్చాడు. జట్టులో ఆఖరున చేరాడు. పెద్ద మాటకారి కూడా కాదు.

ఒకనాడు మా జట్టులో కళుగుమలై వాడు పల్లె నుంచి తిరిగొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాడు. వాడు కడిగి పడుకోబెట్టిన ముసలమ్మ వాడి చెయ్యి పట్టుకొనే పోయిందట. నేను నాయకుణ్ణి కదా, "ఏడ్చేవాడివి సేవకెందుకొస్తివి? రేపు నిన్ను వేరే వీధికి ఏస్తాలే" అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను. మర్నాడు వాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

బావ పోయి వాడి ఇంటి అరుగు మీద కూర్చున్నాడట. బుద్ధులేమీ చెప్పలేదట. ఒక చేటలో పత్తి పోసి వాడి ముందు పెట్టి, ఇంకో చేట తన ఒళ్ళో పెట్టుకొని, తలెత్తకుండా గింజలు తీస్తూ ఉన్నాడట. ఇంటింటా రాట్నం తిరిగే రోజులవి, పత్తిలో గింజలు తీయడం ఎవరికీ వింత కాదు. కాసేపటికి వాడే మొదలుపెట్టి ముసలమ్మ సంగతంతా చెప్పుకున్నాడు. మూడో రోజు జట్టులోకి వచ్చి నా పక్కన కాక బావ పక్కన కూర్చున్నాడు. నా కడుపుమంట ఆనాటిది.

ఇక అక్కణ్ణుంచి అదే పద్ధతి అయిపోయింది. పల్లెల నుంచి వచ్చి, వేణ్ణీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కొని, పొద్దు గూకేలోగా బావ పనిచేసే పత్తి కొట్టు వసారాలో అందరూ కూర్చునేవాళ్ళు. తలా ఒక చేట. చెప్పాలనుకున్నవాడు చెబుతాడు, తక్కినవాళ్ళు గింజలు తీస్తూ వింటారు. "నేనైతేనా" అని ఎవడూ అనకూడదు. మొహంలోకి చూడకూడదు. "చేతికి పనుంటే నోటికి సిగ్గు పోతాది" అనేవాడు బావ. ఇదంతా పని చెడగొట్టే ముచ్చట్లని నేను సణిగితే నవ్వి, "నిండు కడవ వంచకుండా ఎత్తుకొని మళ్లా బాయికి పోతే మోతే గాని నీళ్ళేడివి బామ్మర్దీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్ళు కొరుక్కుంటూ.

ఇంత చిన్న పని నేను మాత్రం చెయ్యలేనా అనుకున్నాను. బావ పనిమీద తూత్తుకుడి పోయిన రోజు చూసి ఆ సాయంత్రం నేనే ఏర్పాటు చేశాను. పొద్దుటినుంచి పల్లెల్లో తిరిగి అలసిపోయారు పాపం, మళ్ళీ ఈ గింజలు తీసే చాకిరీ ఎందుకని, మిల్లు నుంచి గింజ తీసిన తెల్లటి దూది తెప్పించి పరుపులా పరిచాను. వడలూ కాఫీ పెట్టించాను. అందరూ మెత్తగా కూర్చొని, వడలు తిని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఊఁ, చెప్పండి" అన్నాను. అగ్గిపెట్టెల కార్ఖానావాడు, "వడ బాగుండాదన్నా" అన్నాడు. ఆ సాయంత్రం మొత్తానికి నాకు దక్కిన మనసులోని మాట అదొక్కటే. తిరిగొచ్చాక బావ ఆ సంగతి విన్నాడు గాని ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి ఎగతాళి చేసి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

జతలు కట్టిందీ బావే. పొద్దున్నే పల్లెకు బయలుదేరే ముందు ఒకడు తన జతగాడి ఇంటికి పోయి రెండే అడగాలి. తింటివా? నిద్దర పొయితివా? ఒకనాడు వీడు, ఒకనాడు వాడు. ఎవరికెవరని తేల్చేనాడు అందరూ బావ జత కావాలని ఎగబడ్డారు. ఆయన, "నా జత నా బామ్మర్దే" అన్నాడు. నాయకుణ్ణి మంచి చేసుకోవడానికి అన్నాడనుకున్నాను నేను. నా బుద్ధి అలాంటిది.

ఆయన వంతు వచ్చిననాడు చేట తెచ్చుకొని మా అరుగు మీద కూర్చునేవాడు. ఒకసారి ఆయనకు చెప్పాను. తల్లీ బిడ్డా ఇద్దరూ పడిపోయిన ఇంటి గుమ్మం దాకా పోయి, భయపడి వెనక్కి వచ్చేశాననీ, అందరినీ ఇళ్ళలోకి పంపేవాణ్ణి నేనే లోపలికి పోలేకపోయాననీ. ఆయన గింజలు తీస్తూ విన్నాడు. "సరి, నేనూ వస్తా, ఇద్దరం పోదాం రా" అన్నాడు. పోయాం. ఆ తల్లీ బిడ్డా బతికారు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకేమో గుండె తేలికపడిన మాట నిజమే గాని, నా పిరికితనం ఈయనకు తెలిసిపోయిందే అని ఇంకో మంట మొదలైంది.

నా వంతు వచ్చిననాడు నేను ఆయన వాకిట్లో నిలబడే అడిగేవాణ్ణి. "తింటివా బావా? నిద్దర పొయితివా?" పాఠం అప్పజెప్పినట్టు. "కొంచేపు కూసోని పో బామ్మర్దీ" అనేవాడు. "వేలె ఉండాది బావా" అని పని వంక పెట్టి వచ్చేసేవాణ్ణి. ఊరందరి కష్టం విన్న పెద్దమనిషికి నా దగ్గర చెప్పుకొనేదేముంటుంది అనుకొనేవాణ్ణి.

తరవాత ఆయన పని మారి అక్కతో విరుదునగరం వెళ్ళిపోయాడు. పెద్దకర్మ నాడు వెళ్ళాను. అరుగు మీద రెండు చేటలున్నాయి. ఒకదానిలో సగం పత్తి, సగం గింజలు. రెండోదానిలో పత్తి పోసింది పోసినట్టే ఉంది, పైన దుమ్ము.

"ఇదెవురికక్కా?"

"ఇంకెవురికిరా, నీకే. కోవిల్‌పట్టిలో ఉన్నప్పటినుంచీ మీ బావ పొద్దున్నే రెండు చేటలు ఎత్తి పెట్టేది. నువ్వు నిలబడే పోతివి. ఈ ఊరికొచ్చినాకా మానలేదు, ఎప్పుడైనా వస్తాడులే అనేది."

"నాతో ఏం చెప్పాలనక్కా?"

"నాకేం తెలుసురా. నాకు చెప్పగూడదా అని ఎన్నో తూర్లు అడిగితి. నా జత బామ్మర్ది కదా, వాడు కూసున్ననాడు చెప్తాలే అనె."

అందరూ ఆయన దగ్గరికే పోతున్నారే, ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నా దగ్గరికొచ్చి చెప్పుకోకూడదా అని పదేళ్ళు కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఆ ఒక్కడూ రోజూ పొద్దున్నే నాకు చేట పెట్టి కూర్చున్నాడు.

అక్క లోపలికి పోయింది. నేను దుమ్ము ఊది, రెండో చేట ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చున్నాను. పత్తి ఎండి బిగుసుకుపోయింది, మొదటి గింజ ఒక పట్టాన రాలేదు.

"తింటివా బావా? నిద్దర పొయితివా?" అని అడిగాను. అడిగి, తలెత్తకుండా, గింజలు తీస్తూ కూర్చున్నాను.