కలువ హౌసు తరఫున ఒక అమ్మమ్మ

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో ఒక వీడియో పంపింది. అది ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో ఉంటోంది. వాళ్లకి ఏడాదికోసారి ఎత్నిక్ డే అని ఒకటి జరుగుతుందట. ఆ ఒక్కరోజు ప్యాంట్లన్నీ పెట్టెల్లో పడేసి అందరూ అమ్మమ్మల్లా నానమ్మల్లా తయారవుతారట. వీడియోలో పదిమంది ఆడపిల్లలు చీరలు ఎగదోపుకుని, వేదిక మీద వరసగా వంగి, ప్లాస్టిక్ ఆకులు నేలమీద పెడుతూ వెనక్కి నడుస్తున్నారు. వరినాట్లన్నమాట. చెవులు చిల్లులు పడేలా ఏదో పాట. "ఎలా ఉంది నానమ్మా మన కల్చరు?" అని కింద రాసింది. బాగుందని రాశాను. నిజం చెప్పాలంటే నాట్లు వేస్తున్నట్టు లేదు, జారిపోయిన ముక్కుపుడక వెతుక్కుంటున్నట్టుంది. కానీ ఆ నవ్వు నా మొహం మీద ఎంతోసేపు నిలవలేదు. ఫోను పక్కన పెట్టేసి గుడివాడ ఎండకేసి చూస్తూ కూర్చున్నాను.

నేను టీచర్ ట్రైనింగు బందరులో చదివాను. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో సంగతి. మిషను వాళ్ల ఆడపిల్లల హాస్టలు, పొడుగాటి పెంకుటిల్లు, గదికి నలుగురం. నాలుగు ట్రంకు పెట్టెలు, నాలుగు బొంతలు, ఒకటే కిటికీ. ఆ కిటికీలోంచి మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వచ్చేది, దాంతోపాటు గిలకలదిండి వైపు నుంచి ఎండుచేపల వాసన కూడా వచ్చేది. మొదటి నెల ముక్కు మూసుకున్నాం, రెండో నెల అలవాటు పడ్డాం, మూడో నెల ఆ వాసనకి ఆకలి వెయ్యడం మొదలైంది. తెల్లారగట్ల గంట, ప్రార్థన, గంజి, బావి దగ్గర వంతులు. బావి నీళ్లు ఉప్పన. తలంటుకుంటే జుట్టు చీపురుకట్ట అయ్యేది. శనివారం సాయంత్రం వార్డెనమ్మగారు అందరి జడలూ పట్టిపట్టి చూసి, పేలున్న పిల్లని మాటల్లేకుండా వేలితో చూపించేవారు. ఆవిడ పెద్దగా కోప్పడేవారు కాదు. ఆ వేలు చాలు.

హాస్టలంతటినీ నాలుగు హౌసులుగా విడగొట్టారు. కలువ, మల్లె, మందారం, చేమంతి. రింగాటలో, వ్యాసరచనలో, ఆఖరికి వరండాలు ఊడవడంలో కూడా మార్కులు వేసి, ఏడాదికోసారి హాస్టల్ డే నాడు లెక్కచూసి ఒక ఇత్తడి కప్పు ఇచ్చేవారు. ఆ కప్పు కోసం మేం పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మల్లె హౌసు పిల్లలతో మా హౌసు వాళ్లు మాట్లాడకూడదని మేమే ఒక చట్టం చేసుకున్నాం. కూరలో ఉప్పు ఎక్కువైతే వంటమనిషి మందారం హౌసుని గెలిపించడానికే వేసిందని నమ్మాం. కలువ హౌసు లీడర్ని నేనే. పైగా హాస్టల్లో చేతిగడియారం ఉన్న ఇద్దరు పిల్లల్లో నేనొకదాన్ని కాబట్టి, సభ ఏదైనా టైము చూసి బల్ల మీద గంట కొట్టే ఉద్యోగం కూడా నాదే. ఆ గంట అంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆ ఏడాది హాస్టల్ డేకి వార్డెనమ్మగారు కొత్త అంశం ఒకటి పెట్టారు. ప్రతి హౌసూ తమ పిల్లల ఇళ్లనించి పెద్దవాళ్లు ఒకరిని తీసుకురావాలి. ఆ పెద్దవాళ్లు తమకి వచ్చిన పాతకాలపు పాటో, పనో సభలో చూపించాలి. మన పెద్దల విద్యలు మనమే మర్చిపోతే రేపు పిల్లలకేం నేర్పుతాం అన్నారు. దానికి మిగతా అన్నిటికంటే ఎక్కువ మార్కులు. అది వినగానే నా బుర్రలో తట్టింది నా పక్క బొంత అమ్మాయి. దివిసీమ పిల్ల. పులిగడ్డ దగ్గర పడవలో ఏరు దాటి ఇంకా లోపలికి వెళ్లాలి వాళ్ల ఊరు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మ పెంచింది. పెద్దగా మాట్లాడేది కాదు గానీ బావి దగ్గర బట్టలు ఉతుకుతూ ఏదో కూనిరాగం తీసేది, ఉతుకుడుకి తగ్గట్టు ఆగి ఆగి సాగేది ఆ పాట. ఏమిటే అది అని ఒకసారి అడిగితే, నాట్ల పాట, మా అమ్మమ్మ ఎత్తుకుంటే మడిలో ముప్పైమంది అందుకుంటారు అంది.

ఆ సాయంత్రమే దాన్ని పట్టుకున్నాను. మీ అమ్మమ్మని పిలిపిద్దామే అన్నాను. అది బట్టలు పిండడం ఆపి నా మొహంలోకి చూసింది.

"మా అమ్మమ్మ మడిలో పాడుద్ది, గుళ్లో పాడుద్ది. కుర్చీల ముందు ఎప్పుడూ పాడలేదు. వీళ్లంతా నవ్వుతారు."

"ఎవరూ నవ్వరు. నా పూచీ."

"ఆవిడ్ని నవ్వులపాలు చేస్తే నేను తట్టుకోలేనే. మళ్లీ ఆలోచించుకో."

"నా పూచీ అన్నానుగా," అన్నాను నేను, అప్పటికే కప్పు మా కిటికీలో ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ. అది రెండు రోజులు ఆలోచించి, ఊరికి కార్డు రాసింది.

హాస్టల్ డే పొద్దున్నే దిగిందావిడ. పడవ, బస్సు, బస్టాండు నించి నడక. చీర కొంగులో కట్టుకున్న అటుకులు మా గదంతటికీ పంచింది. సన్నగా, నల్లగా, నడుం కాస్త వంగిన మనిషి. ఆ నడుం వయసు వల్ల వంగింది కాదని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరోజు మేమంతా చిలకలపూడి గిల్టు గాజుల కోసం కొట్టుకుంటున్నాం. మా వరసకంతటికీ కలిపి ఒకటే సెట్టు, దాన్ని వంతులవారీగా వేసుకుని వేదికెక్కాలి. ఆవిడ అది చూసి తెగ నవ్వింది. నాకు ఒక గాజు తొడుగుతూ, "నా వంతు ఎప్పుడో నువ్వే చెప్పాల తల్లీ. నాకు ఈ సబల సంగతి తెలవదు. నువ్వు చెయ్యి ఊపితే ఎక్కుతా," అంది. అలాగే అమ్మమ్మా అన్నాను. చీటీలు తీస్తే మా హౌసుకి ఆఖరి వంతు వచ్చింది. చివరి పాట గుర్తుండిపోతుందిలే అనుకుని ఇంకా సంబరపడ్డాను.

సభ మూడింటికి మొదలైంది. ముఖ్య అతిథి విద్యాశాఖలో పెద్ద అధికారి, అయిదున్నరకి బెజవాడ రైలు అందుకోవాలి. అంశాలకి ముందు మన సంస్కృతి గురించి ఎవరైనా అయిదు నిమిషాలు మాట్లాడితే నిండుగా ఉంటుందని వార్డెనమ్మగారు అడిగితే, మా పెదనాన్న పేరు చెప్పింది కూడా నేనే. పెదనాన్న గూడూరులో హెడ్మాస్టరు. గొంతు కంచు. నా గడియారం ఆయన కొనిచ్చిందే. ఆయన లేచి కండువా సర్దుకుని మొదలుపెట్టారు. అయిదు నిమిషాలకి నేను గంట కొట్టాను. పది నిమిషాలకి మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టబోతే ఆయన నాకేసి ముద్దుగా చూసి, "ఉండమ్మా," అని ఆ గంటని తీసి బల్లకి అవతల చివర, నా చెయ్యి అందనంత దూరంలో పెట్టారు. సభ గొల్లుమంది. ఆయనకి అది ఇంకా ఉత్సాహమిచ్చింది. రైతు కూలీల నోళ్లలో బతుకుతున్న పాటే మన అసలు సంపద అని నలభై నిమిషాలు చెప్పారు. ఆ సంపద పక్క వరండాలో బల్ల మీద ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునుంది. పెదనాన్న ఎదుట గట్టిగా ఊపిరి తియ్యని ఇంట్లో పెరిగాను నేను. లేచి ఆపమనడం నా వల్ల కాలేదు.

తర్వాత మల్లె హౌసు తాతగారు కలంకారీ అచ్చులు గుడ్డ మీద అద్ది చూపించారు. రంగు ఆరేదాకా అందరం చూడాల్సిందేనన్నారు. చేమంతి వాళ్లు చెక్కభజన చేయించారు. మందారం వాళ్ల పెద్దమ్మ లాలిపాట పాడేసరికి అయిదు దాటింది. నేను వరండాలోకి వెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చి వేదిక పక్క మెట్ల దగ్గర నిలబెట్టాను. సరిగ్గా అప్పుడే వార్డెనమ్మగారు నా దగ్గరికొచ్చి చెవిలో, "ఇంక టైము లేదమ్మా. జాతీయగీతం పెట్టించేయ్. ఆవిడకి నచ్చచెప్పు," అన్నారు. అతిథిగారు అప్పటికే కండువా తీసి మడతపెడుతున్నారు. ఒక్క అయిదు నిమిషాలండీ అన్నాను. వార్డెనమ్మగారి వేలు నా గడియారం వైపు చూపించింది. నేను హార్మోనియం దగ్గరున్న పిల్లలకి తల ఊపాను. ముందు వాళ్లకి చెప్పి, తర్వాత అమ్మమ్మకి చెబుదామనుకున్నాను. అదే నేను చేసిన పని. మెట్ల దాకా నాలుగడుగులు, వెనక్కి తిరిగేలోపలే సభంతా లేచి నిలబడింది.

వాళ్ల గుళ్లో పాట ఎలా మొదలవుతుందో ఆ పిల్ల నాకు ముందే చెప్పింది, నేనే తలకెక్కించుకోలేదు. వాళ్ల ఊరి గుళ్లో జనం చాపల మీద కూర్చుంటారు. జనం లేచారంటే పాట మొదలెట్టమని అర్థం. హార్మోనియం పెట్టె శ్రుతి ఇస్తుంది, పాట ఎత్తేది ఎప్పుడూ ఆవిడే. జాతీయగీతమనేది ఒకటుందని ఆవిడకి ఎవరు చెప్పారు గనక? సభ లేచింది, హార్మోనియం మోగింది. ఆవిడ మెట్లెక్కి వేదిక మధ్యకి వచ్చి, కళ్లు మూసుకుని, ఆ శ్రుతిలోనే నాట్ల పాట ఎత్తుకుంది. అదే క్షణంలో అటు నలుగురు పిల్లలు జాతీయగీతం మొదలుపెట్టారు. పిల్లలు తన పాటే అందుకున్నారనుకుందేమో, ఆవిడ ఇంకా గొంతు పెంచింది. మడికి ఈ గట్టు నించి ఆ గట్టు దాకా వినపడాల్సిన గొంతు అది.

ఎవరూ కదల్లేదు. కదలకూడదు కదా. అధికారిగారు చేతులు పక్కకి చాపి నిటారుగా నిలబడి ముందుకే చూస్తున్నారు. మా పెదనాన్న కళ్లు నేలకేసి ఉన్నాయి. నేను వేదికకి నాలుగడుగుల దూరంలో చేతులు కట్టేసినట్టు నిలబడ్డాను. మూడో వరసలో ఆ పిల్ల కూడా నిలబడే ఉంది, చిలకలపూడి గాజులేసుకుని. అది వేదికకేసి చూడలేదు, నాకేసి చూస్తోంది. నేను చూపు తిప్పుకుందామన్నా తిప్పుకోలేకపోయాను. వెనక వరసల్లో చిన్న పిల్లలు పెదాలు కొరుక్కుంటున్నారు, భుజాలు ఎగిరిపడుతున్నాయి. గీతం అయిపోగానే ఆ నవ్వు ఒక్కసారిగా బయటపడింది. హాలంతా నవ్వింది. ఆవిడ కళ్లు తెరవలేదు. పాట రెండో చరణంలోకి వెళ్లింది. వంగినదాని నడుం సంగతి నీళ్లకేం తెలుసు అని ఉందందులో. అంతవరకే విన్నాను. అతిథిగారు ఆవిడకి ఒక నమస్కారం పెట్టి గడియారం చూసుకుని దిగిపోయారు. ఆయన వెనక జనమంతా సాగనంపడానికి కదిలారు. వార్డెనమ్మగారు నా మోచెయ్యి పట్టుకుని పూలదండలు నా చేతిలో పెట్టారు, కారులో పెట్టమని. నేను వెళ్లాను. నేనే పట్టుబట్టి పిలిపించిన పాట, నేనే పూర్తిగా వినలేదు.

తిరిగొచ్చేసరికి బల్లలు సర్దుతున్నారు. ఆవిడ వేదిక అంచున కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. ఆ పిల్ల పక్కన నిలబడి ఉంది.

"అందరూ ఎల్లిపోయారేంటమ్మా? పాట పొడుగైందా?" అని నన్నే అడిగింది ఆవిడ.

ఆ పిల్లే చెప్పింది, "ఆయనకి రైలు టైమైందమ్మమ్మా," అని.

"పోనీలే. అంత పెద్దోళ్లు నా పాటకి లేచి నిలబడ్డారు గదా. నవ్వారు కూడాను, సంతోసపడ్డారు," అంది ఆవిడ, తృప్తిగా మూతి తుడుచుకుంటూ. ఆ పిల్లా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మా ఇద్దరిలో ఎవరమూ ఆవిడకి నిజం చెప్పలేదు. ఆ మర్నాడు బస్సెక్కించేటప్పుడు ఆవిడ నా తల నిమిరి, ఈసారి నాట్లకి మా ఊరు రా, తీరుబడిగా మొత్తం ఇందువు గాని అని పిలిచింది. తప్పకుండా వస్తానన్నాను.

మూడో రోజు అసెంబ్లీలో కప్పు మాకే ఇచ్చారు. వార్డెనమ్మగారికి మనసు పీకిందేమో, పెద్దల అంశానికి మాకు పూర్తి మార్కులు వేశారు. నేనే వెళ్లి అందుకున్నాను, హౌసంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లా కొట్టింది. అది నాతో పోట్లాడలేదు. ఒక్క మాట అనుంటే కాళ్లు పట్టుకునేదాన్ని. తర్వాత నాలుగు నెలలూ పక్క పక్క బొంతల మీదే పడుకున్నాం, దాని సబ్బు నేను వాడాను, నా నోట్సు అది రాసుకుంది. కానీ బావి దగ్గర మళ్లీ ఎప్పుడూ ఆ కూనిరాగం తియ్యలేదు. నేనొస్తుంటే మాత్రమే ఆపేదో, పూర్తిగానే మానేసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ట్రైనింగు అయ్యాక దానికి దివిలోనే ఉద్యోగమొచ్చింది, నాకు గుడివాడలో. తొలకరి వచ్చినప్పుడల్లా ఈసారి వెళ్లాలి అనుకునేదాన్ని. ఒక ఏడు పెళ్లి, ఒక ఏడు పురుడు, ఒక ఏడు పరీక్ష పేపర్లు. తర్వాత తర్వాత ఏ సాకూ లేకుండానే ఆగిపోయాను. వెళితే ఆవిడ మళ్లీ లేచి నిలబడ్డ సభ గురించి చెబుతుంది, ఆ పిల్ల పక్కనే ఉంటుంది, నేను మళ్లీ తల ఊపాలి. ఆవిడ ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. జాతీయగీతం నడిచినంతసేపు కదలకూడదు గనక నేను కదల్లేదు, అది నిండా ఒక్క నిమిషం కూడా ఉండదు. ఆ తర్వాతి అరవై ఏళ్లలో నన్ను నిలబడమని ఎవరూ అనలేదు, దివికి బస్సులు రోజూ తిరుగుతూనే ఉన్నాయి.