గడ్డమాయనకు మొండెం వెతికిన వేసవి

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉందంటే అది ఇంకెవరికీ తెలిసి ఉండదని నా గట్టి నమ్మకం. వయసు ఇరవై మూడు. లీసెస్టర్‌లో మాస్టర్స్, ఐదుగురం సర్దుకునే ఫ్లాట్, లాప్‌టాప్‌లో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్. ఈ మూడూ ఒకచోట చేరినవాడికి వినయం ఎక్కణ్ణుంచి వస్తుంది? సీవీలో స్వచ్ఛంద సేవ అని ఒక్క వరుస ఉంటే ఉద్యోగం త్వరగా దొరుకుతుందని ఎవరో చెప్పగా, బస్సులో ముప్పావు గంట ప్రయాణం చేసి చేరవలసిన ఒక పల్లెటూరి చర్చికి వెబ్‌సైట్ చేసిపెడతానని ఒప్పుకున్నాను. (అంతకు ముందు నేను ఏ చర్చి గడపా తొక్కలేదు. ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.)

చర్చి బాగోగులు చూసే పెద్దావిడ చేతిలో తాళాలగుత్తితో నాకు ఎదురొచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. పేరు పెట్టి పిలవమన్నారు గానీ నాకు నోరు రాక ఆంటీ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నాకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ లేరు, ఎవరికీ ఆంటీని కాలేదు, కానీ పరవాలేదు" అన్నారు. అలా ఆవిడ నాకు తాళాల ఆంటీ అయ్యారు. లోపల ఎడమ వరుసలో పొట్టిగా లావుగా ఉన్న స్తంభాలు, వాటి మీద గుండ్రటి ఆర్చీలు. కుడి వరుసలో సన్నటి స్తంభాలు, కొస తేలిన ఆర్చీలు. మేస్త్రి మధ్యలో మారాడా అని నవ్వులాటకు అడిగాను. "మారాడు. ఇద్దరికీ నడుమ నూరేళ్లు" అన్నారు ఆవిడ, నిన్నమొన్నటి సంగతిలాగా.

దక్షిణం గోడకు రంగుటద్దాల కిటికీ ఒకటి ఉంది. మధ్యాహ్నం ఎండకు దాని ఎరుపూ నీలమూ రాతినేల మీద పరుచుకునేవి. దగ్గరికెళ్లి చూస్తే మాత్రం అంతా గందరగోళం. నీలం గౌను వేసుకున్న అమ్మవారి లాంటి ఆవిడ మెడ మీద గడ్డమాయన తల. పక్కన తల లేని ఎర్ర అంగీ. మూడు చేతులు, సగం రెక్క, తలకిందులుగా నాలుగక్షరాలు. "వందల ఏళ్ల కిందట మతం గొడవల్లో పగలగొట్టారు. తరవాత ఊరివాళ్లు ముక్కలు ఏరి, దొరికినవి దొరికినట్టు అతికించారు" అన్నారు ఆంటీ. అంటే సరిగ్గా అతికించగలిగినవాడు ఈ ఊళ్లో పుట్టలేదన్నమాట, అనుకున్నాను నేను.

ఆ కిటికీని ఫోటో తీసి, మూడు రోజులు కూర్చుని బాగుచేశాను. మా రాజమండ్రి రూమ్మేట్‌కి విసుగొచ్చింది. "ఏరా, నీ ప్రాజెక్టు సంగతేంటి? ఎంతసేపూ ఆ గడ్డమాయనకి మొండెం వెతకడమేనా?" అన్నాడు. "జర ఆగు బై, తల సెట్టయింది, చెయ్యే దొరుకుతలేదు" అన్నాను. గడ్డమాయన్ని ఎర్ర అంగీలోకి మార్చేసరికి నీలం గౌనావిడకు తల లేకుండా పోయింది. హన్మకొండలో ఎవరి పెళ్లిలోనో తీసిన అమ్మ ఫోటో ఫోనులో ఉంటే, ఆ ముఖాన్ని గీతల బొమ్మగా మార్చి, బొట్టు చెరిపి, ముసుగు వేసి అక్కడ కూర్చోబెట్టాను. బ్రహ్మాండంగా కుదిరింది. వెబ్‌సైట్ మొదటి పేజీలో పెట్టేశాను. ఆంటీ కంప్యూటర్ జోలికి పోరు కాబట్టి చూడలేదు.

పది రోజులకు ఆవిడ ఫోను చేశారు. పాత చర్చి అద్దాలకు మరమ్మతులు చేసే నిపుణుడొకాయన మన కిటికీ చూసేందుకు కార్డిఫ్ నుంచి వస్తున్నాడట, దాని మీద వ్యాసం కూడా రాస్తాడట. "మన కిటికీ గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు" అన్నారు. ఆ సంతోషం చెడగొట్టలేక, ఆ రోజుకు నేనూ వస్తానన్నాను.

ఆయన మడతనిచ్చెన మోసుకుంటూ వచ్చాడు. ఆంటీ కేకు చేసుకొచ్చారు. ఆయన కిటికీని చూశాడు, మా వెబ్‌సైట్ నుంచి అచ్చు తీసుకొచ్చిన కాగితాన్ని చూశాడు, మళ్లీ కిటికీని చూశాడు. "ఇది వేరే కిటికీ అయి ఉండాలి. నేను వచ్చింది ముక్కుపుడక ఉన్న ఆవిడ కోసం. మధ్యయుగపు ఇంగ్లండులో అలాంటి బొమ్మ నేనెక్కడా చూడలేదు" అన్నాడు. (ముక్కుపుడక లేకుండా అమ్మని నేనెప్పుడూ చూడలేదు. అందుకే అది ముక్కులో భాగమే అనుకుని వదిలేసినట్టున్నాను.) ఆంటీ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని కాగితం చూశారు. "మా అబ్బాయి ఇలాంటి పని చేయడు. ఆ కంప్యూటరే ఏదో చేసి ఉంటుంది" అన్నారు.

తప్పించుకునే దారి అది. అవునంటే ఇద్దరూ నమ్మేవారే. కానీ ఆవిడ నన్ను 'మా అబ్బాయి' అన్నాక అవుననలేకపోయాను. "కంప్యూటర్ ఏం చేయలేదు ఆంటీ. నేనే చేశాను. ఆవిడ మా అమ్మ" అన్నాను.

ఆయన నిచ్చెన విప్పి కిటికీ ముందు నిలబెట్టి, "ఎక్కు" అన్నాడు. ఎక్కాను. గడ్డమాయన ముఖం జానెడు దూరంలో ఉంది. కింద నుంచి ఎప్పుడూ కనపడని సన్నటి గీతలు, కనురెప్పలతో సహా. గోరంత ముక్క చుట్టూ కూడా, దాన్ని పక్కదానితో కలిపి పట్టుకునే సీసం పట్టీ. "సరిగ్గా పెట్టడం చేతకాక కాదు. సగం ముక్కలు పోయాయి. మిగిలినవాటిలో ఒక్కటీ పారేయకూడదనుకున్నారు, అంతే" అన్నాడు కింద నుంచి. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆంటీ కేకు కోసి, ముందు ముక్క నాకే ఇచ్చారు. అది మింగడం ఆ రోజు అన్నిటికన్నా కష్టమైన పని.

బస్‌స్టాపులో నిలబడి అక్కడికక్కడే ఫోనులో ఆ బొమ్మ తీసేసి, అమ్మకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. రెండు వారాలు నీ ముఖం ఇంగ్లండులో ఒక చర్చి తరఫున లోకమంతా చూసిందని చెబితే తిడుతుందనుకున్నాను. "ఏ ఫోటోరా? పెండ్లిల తీసిందా?" అంది. అవునన్నాను. "అయ్యో, అండ్ల మొకమంత వాడిపోయి ఉంటది గద. జర మంచిది పెట్టకపోతివి" అంది.

నేను తప్పు ఒప్పుకుంటుంటే ఈవిడకు ఫోటో బెంగా అని నాకు ఒళ్లు మండి, బస్సొచ్చిందని అబద్ధం చెప్పి పెట్టేశాను. బస్సు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఇప్పుడు వాట్‌ఫర్డ్‌లో ఆఫీసు కిటికీ పక్కన కూర్చుని అప్పుడప్పుడూ ఆ ఇరవై మూడేళ్ల కుర్రాణ్ణి తలచుకుంటాను. చేసిన ఘనకార్యానికి వాణ్ణి తిట్టాలనిపించదు. ఆ నలభై నిమిషాలూ ఊరికే నిలబడ్డావు కదరా, ఏ ఫోటో అయితే బాగుండేదో అమ్మనే అడిగి ఉండాల్సింది, అనాలనిపిస్తుంది.