మావయ్య నడుముకు కట్టుకున్న తాడు

మా మావయ్య పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను మొట్టమొదట అడిగిన మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "నీళ్ళలోనా?" అన్నాను. ఎప్పుడు, ఎలా అని కాదు. పక్కన ఎవరున్నారని కూడా కాదు.

ఫోన్ చేసినవాడు సామర్లకోట అవతల గోదావరి కాలువ మీద లాకు తలుపులు చూసుకునే లస్కరు. "నీళ్ళెక్కడియ్యండీ, కాలవ కట్టేసి నాలుగ్రోజులైందండి. పడవ బురదలో కూకునుందండి. మజ్జానం అన్నం తిని మంచమ్మీద నడుం వాల్చారండి. టీ అట్టుకెళ్ళి లేపితే లేవలేదండి," అన్నాడు. నర్సీపట్నంలో ఆర్డీవో ఆఫీసు ఎదురుగా ఉన్న నా జిరాక్స్ కొట్లో స్టూలు మీద కూలబడి, "హమ్మయ్య" అన్నాను. లోపల కాదు, పైకే. ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన, "మంచి కబురేనా అమ్మా?" అని అడిగాడు. ఆయన కాగితాలు ఆయనకిచ్చి, షట్టర్ దించి, అప్పుడు ఏడ్చాను.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. నలభై ఏళ్ళు నర్సీపట్నంలో లారీలకు బాడీలు కట్టాడు. ఈత రాదు. వాళ్ళన్న ఒకడు చిన్నతనంలోనే ఏట్లో కొట్టుకుపోతే, మా తాతయ్య మిగిలిన పిల్లల్ని మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగనివ్వలేదట. అలాంటి మనిషి, అత్త పోయిన రెండేళ్ళకు షెడ్డు వేరేవాళ్ళకు అప్పజెప్పేసి, కాలువ మీద పడవలో కాపురముంటానన్నాడు. ఏదో లారీ పనిమీద సామర్లకోట వెళ్ళినప్పుడు గట్టున బోర్లా పడి ఉన్న పాత ఇనప పడవను చూశాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడో ధాన్యం బస్తాలు మోసిన పడవ. అది చూసొచ్చిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడు.

"నీల్ల మీద కాపురమేట్రా? నీకేటి పిచ్చెక్కినాదా?" అని మా అమ్మ ఒంటికాలి మీద లేచింది.

"ఊరూరూ తిరిగే బళ్ళు కట్టినానప్పా. నానెక్కడికెల్లినాను? షెడ్డూ ఇల్లూ, ఇల్లూ షెడ్డూ," అన్నాడు మావయ్య. అక్కను మా వైపు అప్పా అనే పిలుస్తారు.

నేను మావయ్య పక్షం. నాకు కోపమెక్కువ, వాదనలో ఓడిపోవడం బొత్తిగా చేతకాదు. "వెళ్ళనీ అమ్మా, మావయ్యకు నాదీ పూచీ" అనేశాను. అమ్మ ఆ మాట నేలమీద పడనివ్వలేదు. "సరే. ఆడు నీల్లలో పడినాడంటే నిన్నే అడుగుతాను. గుర్తెట్టుకో," అంది. వెంటనే మావయ్యను పెరట్లోకి లాక్కెళ్ళి చేతిలో చెయ్యి వేయించుకున్నాను. పడవ అంచు మీద నడిచేటప్పుడు నడుముకు తాడు కట్టుకోవాలి, రెండో కొస పడవకు ఉండాలి. ఒక్కరోజు కూడా మానకూడదు. "అలాగేనే గుంటా, కట్టేసిన ఆవునైపోతాను," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు నమ్మకం కలగలేదు.

ఆ పడవ మీద మావయ్య ఇల్లు కట్టలేదు, లారీ బాడీ కట్టాడు. అదొక్కటే వచ్చు మరి. పక్కలకు చిలకలూ తామరపూలూ వేయించాడు. వెనక తలుపు మీద 'హారన్ కొట్టుము' అని రాయించాడు. కాలువలో వెనకనుంచి వచ్చి హారన్ కొట్టేదెవరు? గుర్రపుడెక్క, గేదెలు. గేదెలు అడ్డమొస్తే మాత్రం మావయ్యే లారీ హారన్ కొట్టేవాడు, అవి మహా తీరిగ్గా పక్కకు జరిగేవట. లోపల ఒక మంచం, పొయ్యి, పనిముట్ల పెట్టె. బయట రెండువైపులా నడవడానికి జానెడు వెడల్పు అంచు, ఆ అంచు పొడుగునా నడుమెత్తున ఒక ఇనప కమ్మీ. తోయడానికి వెదురు గెడ, ఓపిక లేని రోజున నడపడానికి పొలాలకు నీళ్ళు తోడే ఇంజను.

ప్రయాణం కూడా మనం ఊహించుకునేంత కాదు. లాకులు పడవల కోసం తెరిచే కాలం పోయింది కాబట్టి రెండు లాకుల నడుమ ఉన్న ముక్కలోనే ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తొమ్మిదేళ్ళు తిరిగాడు. దారిలో ఊళ్ళలో ఆగి వాళ్ళ తలుపులు బిగించేవాడు, బడి బెంచీలకు కాళ్ళు వేసేవాడు. వాళ్ళు చేపలో కూరగాయలో ఇచ్చేవారు. పొద్దున్నే నాకు ఫోన్ చేసేవాడు.

"ఇయ్యాల మా గుమ్మం ముందు కొబ్బరితోటే. నిన్న బడి. మీ గుమ్మం ముందు ఏటున్నాదే?"

"ఏముంటుంది మావయ్యా, ఆర్డీవో ఆఫీసు గోడ."

"నిన్నా అదే సెప్పినావు గదే!"

ఉడుక్కునేదాన్ని. తాడు కట్టుకున్నావా అని అడిగి ఫోన్ పెట్టేసేదాన్ని.

ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేస్తారు. నీళ్ళు తీసేసరికి పడవ బురదలో కూర్చుండిపోయేది. అప్పుడు మావయ్య సంచీ నిండా మాసిన బట్టలతో నర్సీపట్నం వచ్చేవాడు. ఆ రెండు నెలలే మా అమ్మకు పండగ. జీడిమామిడి పళ్ళు కోసి ఉప్పు రాసిచ్చేది, తమ్ముడు తింటూంటే ఎదురుగా కూర్చునేది. కాలువకు నీళ్ళొదిలారని కబురు రాగానే మావయ్య "బేగి ఎల్లాలప్పా" అని లేచేవాడు. అమ్మ మొహం అప్పుడు చూడాలి.

మూడో ఏడు నేను చూడ్డానికి వెళ్ళాను. ఫలానా రోజు వస్తున్నానని ముందే చెప్పాను. గట్టు దిగుతుంటే ఎదురుగా పడవ. మావయ్య గెడ పట్టుకుని ఆ జానెడు అంచు మీద గబగబా నడుస్తున్నాడు. నడుముకు తాడు లేదు.

నేను పడవ ఎక్కలేదు. గట్టు మీదనుంచే తిట్టాను, చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్ళు పని ఆపి చూసేటట్టు తిట్టాను.

"ఇయ్యాలొక్కరోజేనే తల్లీ! ఒట్టు," అన్నాడు మావయ్య.

"పట్టుబడ్డవాళ్ళందరూ అలాగే అంటారు," అని తిరుగు రైలెక్కేశాను. నాలుగు నెలలు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినా, తాడు సంగతి అడిగినప్పుడు ఆయన "కట్టుకున్నానే" అంటే, నేను "ఆఁ, నమ్మాను" అనేదాన్ని. అమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే మర్నాడే వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొచ్చేది. చెప్పకపోతే, ఏదైనా జరిగితే ఆ పాపం నాదే. తెలిసి కూడా ఊరుకున్నాను, ఆరేళ్ళు. కొత్త నంబరు నుంచి ఫోను మోగిన ప్రతిసారీ అమ్మకు ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఎత్తేదాన్ని. ఇప్పుడు తెలిసిందా, నేను హమ్మయ్య ఎందుకన్నానో?

ఆ రోజు సాయంత్రానికి తుని మీదుగా కారులో వెళ్ళాను. మావయ్య మొహం నిద్రపోతున్నట్టే ఉంది, చొక్కా కూడా నలగలేదు. మావయ్యను ఊరికి తీసుకెళ్ళే వ్యాను రావడానికి ఇంకా సమయం ఉంది. లస్కరు నాకు టీ ఇచ్చి, "ఆ రోజు గట్టుమీద అరిసింది తవరేనాండీ?" అన్నాడు.

తల ఊపాను.

"ఓ మాట సెప్తానండి, ఏమనుకోకండి. ఆ పూట నడుముకున్న తాడు ఇప్పించింది నేనేనండి. మేనకోడలొత్తంది, పడవోణ్ణయిపోయానని సూపించాలి, ఈ తాడుతో సూత్తే కట్టేసిన దూడలా ఉంటాను అని బాధపడిపోతంటే, ఓ గంట ఇప్పేయండి బాబూ, ఏంగాదు అన్నానండి. మీరు తిట్టెళ్ళాక నన్ను తిట్టారు. ఆయ్. రోజూ కట్టుకునేవోరండి. ఊళ్ళో ఆడాళ్ళు నవ్వినా మానలేదండి."

నేను నమ్మాలనుకున్నాను. కానీ పోయినవాళ్ళ గురించి ఎవరైనా మంచే చెబుతారు కదా, అందులోనూ ఏడుస్తున్న ఆడమనిషికి. నా మొహం చూసి అతనికి అర్థమైనట్టుంది. "రండి" అని బురదలో చెక్కపలక వేసి నన్ను పడవ దగ్గరికి నడిపించాడు.

ఆ ఇనప కమ్మీకి మావయ్య నీలం రంగు వేశాడు. అడుగున రంగు అలాగే ఉంది. పైభాగాన మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలెడు వెడల్పున రంగు లేదు, ఇనుము తెల్లగా మెరుస్తోంది. కమ్మీకి ఒక ఇనప రింగు వేలాడుతోంది, దానికి లారీ లోడు కట్టే తాడు, తాడు చివర నడుముకు సరిపడా ముడి. మావయ్య నడిస్తే ఆ రింగు ఆయనతోపాటు కమ్మీ మీద జారుకుంటూ వచ్చేది. అవతలి వైపు కూడా వెళ్ళి చూశాను. అక్కడా అంతే. ఒక్కరోజు కట్టుకుంటే అరిగే ఇనుము కాదది.

అక్కడే నిలబడి మావయ్యను మళ్ళీ గట్టిగా తిట్టాను. ఒక్క మాట ఎదురు తిరిగి గట్టిగా చెబితే ఏం పోయింది మావయ్యా, ఆరేళ్ళు నన్నిలా వేపుకుతిన్నావు అని. తిడుతుంటేనే గుండెల్లో బరువు దిగిపోయింది. ఒట్టేసి చెప్పాడు పాపం, నేనే వినలేదు.

లస్కరు కమ్మీ చివర బోల్టు విప్పి ఆ రింగు నా చేతిలో పెట్టాడు. కార్యక్రమాలన్నీ అయ్యాక అమ్మ దగ్గర కూర్చుని మొదట్నుంచీ చెప్పాను. గట్టు మీద తిట్టిందీ, ఆరేళ్ళు దాచిందీ, అన్నీ. కొడుతుందనుకున్నాను. అమ్మ రింగు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఒక పక్క చిటికెన వేలంత లావుంది. ఇంకో పక్క అరిగి సన్నబడిపోయింది. అరిగిన చోట బొటనవేలితో రాసింది.

"ఓలమ్మ! ఎంత నడిసినాడే," అంది.

ఆ రింగు ఇప్పుడు అమ్మ నడుముకే ఉంది, తాళాలగుత్తితోపాటు. మోకాళ్ళ నొప్పులతో వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా గోడ పట్టుకుని మెల్లగా నడుస్తుంది. నడిచినంతసేపూ అది తాళాలకు తగిలి చిన్నగా చప్పుడు చేస్తూ ఉంటుంది.