మార్తమ్మ అరుగు మీద బీమా ఏజెంటు

“వారంటు లేదంటారు, మేజిస్ట్రేటు సంతకం లేదంటారు, ఉత్త మాట మీద రత్తయ్యగారింటి గుట్టు విప్పమంటారు. అంతేగా ఏజెంటు గారూ?” అంటూ మంత్రసాని మార్తమ్మ మరిగే నీళ్లలోంచి కత్తెర తీసి ఆరబెట్టింది.

శేషగిరిరావు అరుగు మీద ఇబ్బందిగా కదిలాడు. చైనాతో యుద్ధం వచ్చిన మరుసటి ఏడాది ఆయన భార్య మంగతాయారుతో కోడూరులో కాపురం పెట్టి, బీమా ఏజెంటునని చెప్పుకున్నాడు. ఇంతవరకూ పాలసీ కట్టమని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. అందుకే ఆయన సీఐడీ అని ఊరందరికీ తెలుసు. తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వకపోవడం ఊరి మర్యాద.

చుట్టుపక్కల మార్తమ్మ తొక్కని గడప లేదు. పేటలో గుడిసెకైనా, ఊరి మోతుబరి రత్తయ్య లోగిలికైనా పురుడు పోయడానికి ఆవిడే వెళ్లాలి. ఏ ఇంట్లో విన్నది ఆ ఇంటి గడప దగ్గరే దులిపేసుకుని వస్తుందని పేరు. ఆ పేరు కాస్తా పోతే ఆవిడకు ఇక ఏ తలుపూ తెరుచుకోదు.

“దేశ భద్రతమ్మా. కాగితాలు పుట్టేలోపు దొంగ ఏరు దాటేస్తాడు. మీరు రత్తయ్యగారి కోడల్ని చూడ్డానికి రోజూ వెళ్తున్నారుగా, అక్కడికొచ్చే ఎర్రజెండా వాళ్లెవరో చెబితే చాలు. తప్పు చేయనివాళ్లకి భయమెందుకు చెప్పండి?”

“మరి మీరేం తప్పు చేశారని పెరట్లో స్నానాల చోట తాటాకు దడి కట్టించారు?”

“అది వేరండీ.”

“పోనీ, వారంటు ఎందుకక్కర్లేదో అదన్నా చెప్పండి.”

“అది రహస్యం.”

“అయితే మీది రహస్యం, రత్తయ్యగారిది నేరమూనా?” మార్తమ్మ గొంతు తగ్గించింది. “మొన్న మీ ఆవిడ మా పెరటి దారిన వచ్చారు. మూడో నెల దాటేదాకా పుట్టింటికి కూడా చెప్పకూడదనుకున్నారట. ఇదివరకు రెండు నిలవలేదట. రేపు రత్తయ్యగారు ఇదే అరుగు మీద కూర్చుని, ఆ ఏజెంటు ఇంట్లో ఏం నడుస్తోందని అడిగితే చెప్పేయమంటారా?”

శేషగిరిరావు వీధి వైపు ఓసారి చూసి చేతులు జోడించాడు.

“చెప్పకండి,” అన్నాడు. కోడూరు వచ్చాక ఆయన ఒకరిని బతిమాలడం అదే మొదలు.

“రత్తయ్యగారింటి సంగతీ అంతేనండీ.”

ఆయన కండువా సర్దుకుని లేచాడు. “మరి పైవాళ్లకి ఏం రాసేది?”

“మంత్రసానికి చెవుడని రాయండి. శనివారం బందరు వెళ్తారుగా, పాలసీల పని మీద? వస్తూ వస్తూ రెండు కార్బాలిక్ సబ్బులు తెచ్చిపెట్టండి. ఒకటి రత్తయ్యగారి కోడలికి, ఒకటి మీ ఇంటికి. కొట్లో ఎవరికని అడిగితే మాత్రం చెప్పకండేం.”