లేత గులాబీ దగ్గర ఆగాలి

మిర్చి శాంపిళ్లు వచ్చిన రోజు మా ల్యాబులో తుమ్మకుండా ఒక్క మాట పూర్తి చేయడం ఎవరి తరమూ కాదు. మూటలు విప్పకముందే ఘాటు మెట్లెక్కి వచ్చేస్తుంది. ఏ సరుకు ఎంత ఎర్రగా ఉందో యంత్రం చెబుతుంది, కింద సంతకం నేను పెడతాను. పెట్టే ప్రతిసారీ లోలోపల నవ్వొస్తుంది, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా నా కళ్లకు పుట్టుకతోనే తెలియదు గనక. అది తలుచుకుని నవ్వగలుగుతున్నానంటే కరుణ మేడం చలవే. ఒంగోలులో నేను బీఎస్సీ చదివిన కాలేజీలో ఆవిడ కెమిస్ట్రీ లెక్చరర్. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

అది తొంభైల చివరి మాట. అద్దంకి దగ్గర మా ఊళ్లో నాన్న మిరప వేసేవాడు. నేను కోతకు దిగితే బుట్టలో పండుకాయలూ పచ్చికాయలూ కలిసిపోయేవి. "కళ్లెక్కడ పెట్టుకున్నావురా? నీకు పని మీద బుద్ధి లేదు," అని నాన్న చేలోంచి తరిమేసేవాడు. నాకు నిజంగానే బుద్ధి లేదని నేనూ నమ్మాను. అలాంటివాణ్ణి పోయి పోయి కెమిస్ట్రీలో పడ్డాను. ఫ్లాస్కులో ఆమ్లం పోసి, రంగు మారేందుకు ఇండికేటర్ ఓ చుక్క వేసి, పైన బ్యూరెట్ గొట్టంలోంచి క్షారం చుక్క చుక్కగా వదలాలి. నీళ్లలా ఉన్న ద్రవం లేత గులాబీకి తిరగ్గానే ఆపాలి. నాకు ఆ లేత గులాబీ కనపడదు. పక్కన నిలబడే శ్రీను నా కాలు తొక్కేవాడు, నేను ఆపేవాణ్ణి. ఏడాదిన్నర అలా వాడి చెప్పు మీద ఆధారపడి చదివాను.

జనవరిలో ఒకరోజు శ్రీను రాలేదు. నేను వదులుతూనే ఉన్నాను. మేడం వెనక నుంచి వచ్చి ఫ్లాస్కు చూసింది.

"ఏం నాయనా, బట్టలకు రంగు అద్దుతున్నావా?"

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నా మొహం చూసి నవ్వు ఆపేసింది. ల్యాబు ఖాళీ అయ్యాక స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ గులాబీ నాకు కనపడదని చెప్పేశాను. ఇంటి దగ్గర ఏం పండిస్తారని అడిగింది.

"మిరపండి. కోతకెళ్తే మా నాన్న తరిమేస్తాడండి. పచ్చివి కూడా కోసేస్తానని, బుద్ధి లేదని."

"అయ్యో పిచ్చివాడా! బుద్ధి లేకపోవడం కాదురా అది. నీ కళ్ల తీరే అంత. దాన్ని కలర్ బ్లైండ్‌నెస్ అంటారు."

అంత మామూలుగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. కాని ప్రాక్టికల్ పరీక్షకు రెండు నెలలే ఉన్నాయి. అక్కడ శ్రీను పక్కన ఉండడు, అందులో తప్పితే డిగ్రీ లేదు.

మర్నాడు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఆకుపచ్చ గ్లాసు పేపరు ముక్క తీసింది. క్రిస్మస్‌కి ఇంటి ముందు కట్టిన నక్షత్రం నుంచి చింపుకొచ్చిందట. "ఇది ఎర్ర వెలుతురుని ఆపేస్తుంది. గులాబీ నీకు నల్లగా కనపడాలి. చూడు," అంది. కంటికి అడ్డం పెట్టుకుని చుక్కలు వదిలాను. ఒక చుక్కకు ఫ్లాస్కు సన్నగా మసకబారింది. ఆపాను. మేడం బల్ల మీద చరిచింది. "అదీ! అక్కడే!"

ఆ ఆదివారం కాగితంతో చేలోకి దిగాను. పండుకాయలు నల్లగా, పచ్చివి తేటగా విడివిడిగా కనిపించాయి. సాయంత్రం నాన్న ఒక బుట్ట కదిపి చూసి, "ఇదెవరు కోశారే?" అని అమ్మను అడిగాడు. అమ్మ నా పేరు చెబితే, నమ్మక బుట్టంతా నేల మీద గుమ్మరించాడు. ఒక్క పచ్చికాయ లేదు. ఆ రాత్రి అన్నం నాకు పండగ భోజనమే.

పరీక్షకు వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా చేతిలో కాగితం లాక్కున్నాడు. "ఏంటిది? కాపీయా?"

మేడం కిటికీ దగ్గరే ఉంది. ఆవిడ చెబుతుందని చూశాను. ఆవిడ నోరు విప్పలేదు. కోపమొచ్చింది, ఆ కోపంలోనే నా గొంతు లేచింది.

"నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదండి. అది లేకపోతే ఎక్కడ ఆపాలో కనపడదండి."

ఇరవై మంది తలలు తిప్పారు.

"రంగు తెలియనివాడికి కెమిస్ట్రీ ఎందుకయ్యా?"

"మీరే వేరే ద్రావణం ఇవ్వండి. మీ ఎదురుగా చేస్తాను."

ఇచ్చాడు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకే రీడింగు. ఆయన తనే ఒకసారి చేసి చూసుకున్నాడు, నా రీడింగే వచ్చింది. తర్వాత కాగితం కంటికి పెట్టుకుని ఫ్లాస్కును చాలాసేపు చూశాడు.

"కిందటేడు ఒక పిల్లాణ్ణి ఫెయిల్ చేశాను. వాడిదీ ఇదేనేమో," అని మెల్లగా అన్నాడు. "ఇది నేను తీసుకోవచ్చా?"

"తీసుకోండి సార్, ఇంట్లో నక్షత్రం ఇంకా ఉంది," అంది మేడం కిటికీ దగ్గర్నుంచి.

బయటికొచ్చాక అడిగాను, ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అని.

"నేను చెబితే నిన్ను జాలిపడి వదిలేసేవాడురా. నువ్వు చెప్పావు గనక పరీక్ష పెట్టాడు."

అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం ఉద్యోగాల వేటలో అర్థమైంది. ఎక్కడికి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే అదే చెప్పేవాణ్ణి, ఇప్పటికీ చెబుతాను.

"నాకు ఎరుపు తెలియదండి. పరీక్ష పెట్టండి."